మిశ్రమలోహాలు – కలయికలోని బలం

ఉద్దేశం

నిత్యజీవితంలో చేతికి తగిలే లోహవస్తువుల వెనుక ఉన్న శాస్త్రాన్నీ, వాటిని రూపొందించిన చేతిపనివారి నేర్పునూ విద్యార్థులకు పరిచయం చేయడం. మేలు కోరి చేసిన కలయికకూ, మోసానికి చేసిన కల్తీకీ గల భేదాన్ని గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియా పరిచయం

ఒక విషయాన్ని క్రమపద్ధతిలో విభజించి, ఉదాహరణలతో సమగ్రంగా వివరించే గద్యరచన వ్యాసం. శాస్త్ర విషయాలను సామాన్య పాఠకులకు అర్థమయ్యేలా చెప్పే వ్యాసాన్ని వైజ్ఞానిక వ్యాసం అంటారు. ప్రస్తుత పాఠ్యభాగం ఆ కోవకు చెందినది.

పాఠ్యభాగం

తెల్లవారేసరికి దేవుని గదిలో ఇత్తడి కుందిలో దీపారాధన జరుగుతుంది. కంచు గంట మోగుతుంది. వంటింట్లో స్టీలు గిన్నెలో పాలు పొంగుతాయి. ఇస్త్రీపెట్టె లోపలి తీగ వేడెక్కి బట్టల మడతలను సరిచేస్తుంది. కళాశాలకు బయలుదేరే అమ్మాయి చెవులకు బంగారు కమ్మలు మెరుస్తాయి. బస్సు టిక్కెట్టు కోసం తీసిన రూపాయి బిళ్ళ చేతిలో గలగలలాడుతుంది. ఈ వస్తువులన్నీ లోహంతో చేసినవే. కాని వీటిలో ఏ ఒక్కటీ స్వచ్ఛమైన లోహం కాదు. ప్రతి దానిలోనూ ఒక లోహంతో మరొక మూలకం కలిసి ఉంది.

స్వచ్ఛతను మెచ్చుకోవడం లోకం తీరు. పాలలో నీళ్ళు కలిస్తే కల్తీ అంటాం. బియ్యంలో రాళ్ళు కలిస్తే మోసం అంటాం. లోహాల విషయానికి వచ్చేసరికి ఈ మాట పూర్తిగా నిలవదు. మేలిమి బంగారంతో చేసిన గాజు నాలుగు రోజులు వాడితే సొట్ట పడుతుంది. స్వచ్ఛమైన ఇనుముతో చేసిన కత్తి పదును నిలుపుకోలేదు. స్వచ్ఛమైన అల్యూమినియంతో విమానపు రెక్కను నిలబెట్టలేం. మరొక పదార్థం తగిన పాళ్ళలో కలిసినప్పుడే ఈ లోహాలు మానవుని పనికి లొంగుతాయి. అయితే అదే కలయిక కొలత తప్పితే వస్తువును పాడుచేస్తుంది. ఉద్దేశం తప్పితే మనిషిని ముంచుతుంది. కనుక ఏ లోహవస్తువును చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏమి కలిసింది? ఎంత కలిసింది? ఎందుకు కలిసింది? మిశ్రమలోహాల చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నలకు మానవుడు వెదికిన సమాధానాల చరిత్రే.

కలయిక రహస్యం

రెండు గాని అంతకంటే ఎక్కువ గాని మూలకాలు కలిసి, లోహ స్వభావం గల పదార్థంగా ఏర్పడితే దానిని మిశ్రమలోహం అంటారు. కలిసే మూలకాలలో కనీసం ఒకటి లోహం కావాలి. రెండవది లోహమే కానక్కరలేదు. ఉక్కులో ఇనుముతో కలిసేది కర్బనం, అది అలోహం. సాధారణంగా ప్రధాన లోహాన్ని కరిగించి, అందులో తక్కిన మూలకాలను కలిపి, చల్లార్చి మిశ్రమలోహాన్ని తయారుచేస్తారు.

కలపడం వల్ల లోహానికి గట్టిదనం ఎలా వస్తుంది? ఒక పళ్ళెంలో ఒకే పరిమాణం గల గోళీలను వరుసలుగా పరచి, వాటిపై మరొక పొర పేర్చామనుకుందాం. పై పొరను మెల్లగా నెడితే అది కింది పొర మీద సులభంగా జారుతుంది. స్వచ్ఛమైన లోహంలో పరమాణువులు ఇలాగే సమాన పరిమాణంలో వరుసలు తీరి ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు ఆ వరుసలు ఒకదానిపై ఒకటి జారుతాయి. అందుకే స్వచ్ఛమైన రాగితీగ వేళ్ళతో వంచితే వంగుతుంది. ఇప్పుడు ఆ గోళీల మధ్య అక్కడక్కడ కొంచెం పెద్దవో చిన్నవో వేరే గోళీలను ఉంచితే పొరలు అంత తేలికగా జారవు. పరాయి పరమాణువు చేసే పని ఇదే. అది వరుసను కొద్దిగా చెదరగొట్టి జారుడుకు అడ్డుకట్ట వేస్తుంది. లోహం గట్టిపడుతుంది.

కలయిక వల్ల మరికొన్ని గుణాలు కూడా మారుతాయి. అనేక మిశ్రమలోహాలు వాటిలోని ప్రధాన లోహం కంటే తక్కువ వేడికే కరుగుతాయి. అచ్చులో పోసినప్పుడు చక్కగా పారుతాయి. కొన్ని తుప్పును ఎదిరిస్తాయి. అయితే ప్రతి లాభానికీ ఒక మూల్యం ఉంటుంది. పరాయి పరమాణువులు విద్యుత్ప్రవాహానికి కూడా అడ్డుపడతాయి. అందుకే ఇంటి గోడలలో విద్యుత్తును మోసే తీగలకు రాగిని దాదాపు స్వచ్ఛంగానే వాడతారు. కలపడం ఎంత విద్యో, ఎక్కడ కలపకూడదో తెలియడం కూడా అంతే విద్య.

కంచు

రాగి మెత్తని లోహం. తగరం అంతకంటే మెత్తనిది. ఈ రెండు మెత్తని లోహాలు కలిస్తే గట్టిదైన కంచు పుడుతుంది. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ వద్ద, తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతాయి. రాగిలో పదోవంతు తగరం కలిపితే ఏర్పడే కంచు రాగి కంటే తక్కువ వేడికే కరిగి, అచ్చులోని సన్నని గీతలలోకి కూడా పారుతుంది. రాతి పనిముట్ల నుండి మానవుడు ముందుకు సాగిన ఒక దీర్ఘయుగానికి చరిత్రకారులు కంచుయుగం అని పేరు పెట్టారంటే ఈ మిశ్రమలోహం తెచ్చిన మార్పు ఎంతటిదో ఊహించవచ్చు.

1926లో మొహెంజొదారో తవ్వకాలలో దొరికిన నాట్యకత్తె బొమ్మ ఎత్తు సుమారు 10.5 సెంటీమీటర్లు మాత్రమే. నాలుగు వేల సంవత్సరాలకు పైబడిన ఆ కంచుబొమ్మ నేడు ఢిల్లీలోని జాతీయ ప్రదర్శనశాలలో ఉంది. మైనంతో బొమ్మను చేసి, దానిపై మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహాన్ని పోసే పద్ధతిని ఆ శిల్పి అనుసరించాడు. ఈ పద్ధతికి మన శిల్పశాస్త్రాలలో మధూచ్ఛిష్ట విధానం అని పేరు. దేవాలయాల ఉత్సవ విగ్రహాలను నేటికీ ఇదే తీరున పోతపోస్తారు.

తగరం పాలు పెరిగేకొద్దీ కంచు మరింత గట్టిపడుతుంది, నాదం పెరుగుతుంది. గంటలకు వాడే కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. మెత్తని లోహాన్ని కొడితే ఆ దెబ్బలోని శక్తి లోహంలోనే అణగిపోతుంది. గట్టి కంచును కొడితే ఆ శక్తి కంపనాలుగా చాలాసేపు నిలిచి గాలిలోకి వ్యాపిస్తుంది. వేమన కంచు మోతనూ బంగారపు మౌనాన్నీ పోల్చి అల్పునికీ సజ్జనునికీ గల భేదాన్ని చెప్పాడు. శాస్త్రదృష్టితో చూసినా ఆ పరిశీలన సరైనదే. అయితే గంట కంచుకు ఒక బలహీనత ఉంది. అది వంగదు, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. పగిలిన గంటకు నాదం ఉండదు. అందుకే గంటకు సరిపోయిన కొలత గరిటెకు సరిపోదు.

కంచు, కంచం, కంచరి అనే మాటలు ఒకే కుటుంబానివి. గంభీరమైన గొంతును కంచు కంఠం అంటారు. నీటి పంపుల భాగాలలో, యంత్రాలలో ఇరుసు తిరిగేచోట అమర్చే బుష్‌లలో నేటికీ కంచు వాడుకలో ఉంది.

ఇత్తడి, కళాయి

రాగిలో తగరానికి బదులు తుత్తునాగం కలిస్తే ఇత్తడి ఏర్పడుతుంది. తుత్తునాగాన్నే జింకు అంటారు. ఇత్తడిలో సాధారణంగా 60 నుండి 70 పాళ్ళు రాగి, తక్కినది తుత్తునాగం ఉంటాయి. ఇత్తడి చేయడం కంచు చేసినంత సులభం కాదు. తుత్తునాగం 907 డిగ్రీల వద్దనే ఆవిరవుతుంది. రాగి కరిగే వేడికి చేరకముందే అది గాలిలో కలిసిపోతుంది. ఖనిజం నుండి దానిని విడదీయడమూ అంతే కష్టం. ఆవిరిని గాలికి తగలకుండా పట్టి చల్లార్చాలి. రాజస్థాన్‌లోని ఉదయపూర్ సమీపాన జావర్ గనుల వద్ద మధ్యయుగాల నాటి పనివారు మట్టి మూసలను తలకిందులుగా అమర్చి, ఆవిరి కిందికి దిగి చల్లబడేలా చేసి ఈ చిక్కును విడదీశారు. ఆ మూసల అవశేషాలు అక్కడ విస్తారంగా కనిపిస్తాయి.

ఇత్తడి బంగారు రంగులో మెరుస్తుంది. సుత్తితో కొడితే రేకుగా సాగుతుంది. మరపట్టితే మరలు చక్కగా తెగుతాయి. అందుకే తాళాలు, కుళాయిలు, మరమేకులు, విద్యుత్ ప్లగ్గుల ముళ్ళు దీనితో చేస్తారు. తెలుగునాట ఇత్తడి పని కొన్ని ఊళ్ళకు పేరు తెచ్చింది. జనగామ సమీపంలోని పెంబర్తి రేకుపై చెక్కే నగిషీకి, తణుకు సమీపంలోని అజ్జరం పాత్రలకు, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు వస్తువులకు ప్రసిద్ధి పొందాయి. పెళ్ళయిన ఆడపిల్లకు సారెగా ఇచ్చే బిందెపై పేరు చెక్కించి ఇవ్వడం అనేక ఇళ్ళలో ఆచారం.

పాళ్ళు తలకిందులైతే వస్తువే మారిపోతుంది. తుత్తునాగం సుమారు 16 పాళ్ళు, రాగి ఒక పాలు కలిపితే బీదరు పనికి వాడే లోహం వస్తుంది. దానిపై వెండితీగను పొదిగి, బీదరు కోట మట్టినీ నవాసారాన్నీ కలిపిన నీటితో రుద్దితే లోహం నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. నల్లని నేలపై వెన్నెల పరచినట్లుండే బిద్రీ పాత్రల అందానికి మూలం ఈ కొలతే.

ఇత్తడి పాత్రతో ఒక ప్రమాదం ఉంది. చింతపండు పులుసు, మజ్జిగ వంటి పుల్లని పదార్థాలు రాగితో కలిసి చిలుమును పుట్టిస్తాయి. ఆ పదార్థాన్ని తింటే వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. దీనికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం కళాయి. పాత్రను కాల్చి, నవాసారం చల్లి, తగరపు ముక్కను తాకించి, దూదితో గబగబా రుద్దితే లోపలి గోడకు వెండివంటి పూత అంటుకుంటుంది. పుల్లని పదార్థాలకు తగరం త్వరగా లొంగదు. పూత అరిగినప్పుడల్లా మళ్ళీ కళాయి వేయించాలి.

ఇక్కడే ఆ మూడు ప్రశ్నలు మళ్ళీ ఎదురవుతాయి. సీసం తగరం కంటే చౌక. తగరంలో సీసం కలిపి కళాయి వేసినా చూపులకు తేడా తెలియదు. కాని సీసం విషం. అది కొద్దికొద్దిగా శరీరంలో చేరి నరాలనూ మెదడునూ దెబ్బతీస్తుంది. ఎదిగే పిల్లలకు దాని హాని మరీ ఎక్కువ. తగరమూ సీసమూ కలిసిన లోహాన్ని విద్యుత్ పరికరాలలో తీగలను అతకడానికి శతాబ్దాలుగా వస్తున్న టంకం పనిలో భాగంగా వాడారు. అక్కడ ఉపకరించిన కలయికే అన్నం వండే పాత్రలో అపకారమవుతుంది. లోహం అదే, కొలత అదే కావచ్చు; చోటు మారితే ఫలితం మారుతుంది.

ఉక్కు

ఇనుముకూ ఉక్కుకూ గల భేదం కేవలం కొద్దిపాటి కర్బనం. కర్బనం దాదాపు లేని ఇనుము మెత్తగా ఉండి, కాల్చి కొడితే సాగుతుంది. కర్బనం రెండు శాతం దాటితే అది పోత ఇనుము. అది అచ్చులో చక్కగా ఒదుగుతుంది గాని దెబ్బకు పగులుతుంది. ఈ రెండింటికీ నడుమ ఉండేది ఉక్కు. ఇల్లు కట్టడానికి వాడే కడ్డీలలో కర్బనం సుమారు 0.2 శాతం ఉంటుంది. కత్తులకూ ఉలులకూ వాడే ఉక్కులో అది ఒక శాతం వరకు ఉంటుంది. ఎర్రగా కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచినప్పుడు ఉక్కు గట్టిపడుతుంది. నూరు గ్రాముల ఇనుములో ఒక గ్రాము కూడా లేని కర్బనం వంగే కడ్డీని కోసే కత్తిగా మారుస్తుంది.

ఈ విద్యలో తెలుగువారికి గర్వించదగిన వారసత్వం ఉంది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కు తయారీకి ప్రసిద్ధి. అక్కడి పనివారు ఇనుమును మట్టి మూసలలో ఉంచి, మూత బిగించి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఒకటి, ఒకటిన్నర శాతం కర్బనం గల ఉక్కు ముద్దలు అలా తయారయ్యేవి. పర్షియా వర్తకులు వాటిని కొనుగోలు చేసి తీసుకువెళ్ళేవారు. నీటి అలలవంటి గీతలతో మెరిసే డమాస్కస్ కత్తులకు దక్షిణ భారతదేశపు ఉక్కు ముడిసరుకు అయింది. ఆంగ్లేయులు ఈ ఉక్కును వూట్జ్ అన్నారు. ఉక్కు అనే దక్షిణాది మాటే వారి వ్రాతలో అలా మారిందని పండితుల అభిప్రాయం.

1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కుపై పరిశోధనపత్రం సమర్పించాడు. విద్యుత్ శాస్త్రంలో అద్భుతాలు సాధించిన మైకేల్ ఫారడే తన యౌవనంలో దీని రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. స్టోడార్ట్‌తో కలిసి 1820లో ఆ ఫలితాలను ప్రకటించాడు. కోనసముద్రంలోని తయారీని కళ్ళారా చూసిన వాయిసీ అనే భూవిజ్ఞాని వర్ణన 1832లో అచ్చయింది. వీరందరి పేర్లూ పుస్తకాలలో నిలిచాయి. మూసలు చేసినవారి పేర్లు, మంట రంగును చూసి వేడిని కొలిచినవారి పేర్లు ఎక్కడా లేవు. 1856లో బెస్సెమర్ పద్ధతి వెలువడి, పాశ్చాత్య దేశాలలో ఉక్కు టన్నుల కొద్దీ చౌకగా తయారైంది. మూస ఉక్కుకు గిరాకీ తగ్గింది. కొలుములు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. తండ్రి చేతి నుండి కొడుకు చేతికి అందిన విద్య కావడం వల్ల, ఆ చేతులతోనే అది చాలావరకు అంతరించింది. ఆ గీతలు ఎలా ఏర్పడేవో తేల్చడానికి ఆధునిక శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినులతో శ్రమించవలసి వచ్చింది. వ్రాసి ఉంచని విద్యకు పట్టే గతికి కోనసముద్రం ఒక సాక్ష్యం.

తుప్పు పట్టని ఉక్కు

ఉక్కుకు పెద్ద శత్రువు తుప్పు. తేమ, గాలి కలిసి ఇనుమును తినివేస్తాయి. తుప్పు పొర పొరలుగా రాలిపోవడం వల్ల లోపలి ఇనుము కూడా క్రమంగా క్షయమవుతుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెదుకుతూ, అందులో సుమారు 13 శాతం క్రోమియం కలిపి చూశాడు. ఆ ఉక్కు ఆమ్లాలకు లొంగకపోవడం గమనించి, దానితో బల్లకత్తులు చేయవచ్చని గ్రహించాడు. తుపాకి కోసం మొదలైన వెదుకులాట వంటింటికి చేరింది.

క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కుపై కంటికి కనిపించని సన్నని పొరను ఏర్పరుస్తుంది. ఆ పొర రాలదు. గీత పడితే వెంటనే మళ్ళీ ఏర్పడుతుంది. క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటేనే ఈ కవచం నిలుస్తుంది. మేలైన వంటపాత్రల ఉక్కులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. పెట్టెలపై కనిపించే 18/8 అనే గుర్తుకు అర్థం ఇదే. ఈ రకపు ఉక్కును అయస్కాంతం అంతగా ఆకర్షించదు. నికెల్ లేని క్రోమియం ఉక్కు మాత్రం అయస్కాంతానికి అంటుకుంటుంది. రూపాయి నాణెం అలాంటిదే. ఒకప్పుడు రూపాయిని 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళు నికెల్ కలిపి చేసేవారు. అయస్కాంతానికి అంటుకున్నంత మాత్రాన ఉక్కు నకిలీదని చెప్పకూడదు. దాని రకం వేరని మాత్రమే చెప్పాలి.

తేలికగా ఉండేవి, వేడెక్కేవి, అతికేవి

అల్యూమినియం సాంద్రత ఇనుము సాంద్రతలో సుమారు మూడోవంతు. తేలికైనదే గాని మెత్తనిది. జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ విల్మ్ ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో దానికి సుమారు 4 శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం, మాంగనీసు కలిపి, వేడిచేసి, నీటిలో చల్లార్చాడు. వెంటనే పరీక్షిస్తే ఆశించిన గట్టిదనం కనిపించలేదు. కొద్దిరోజుల తరువాత అదే ముక్కను పరీక్షిస్తే అది తనంతట తానే గట్టిపడి ఉంది. డ్యూరాల్యుమిన్ అనే ఆ మిశ్రమలోహం విమాన నిర్మాణానికి బాట వేసింది.

ఇస్త్రీపెట్టెలో, నీళ్ళు కాచే హీటరులో ఉండే తీగ నిక్రోమ్. ఇందులో సాధారణంగా 80 పాళ్ళు నికెల్, 20 పాళ్ళు క్రోమియం ఉంటాయి. విద్యుత్తును అడ్డగించడంలో ఇది రాగి కంటే 60 రెట్లు మించినది. ఆ అడ్డగింతే వేడిగా మారుతుంది. విద్యుత్తును మోసే తీగలో దోషమైన గుణం, వేడి పుట్టించే తీగలో వరమైంది.

అతకడానికి వాడే టంకంలో 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిస్తే అది 183 డిగ్రీలకే కరుగుతుంది. తగరం ఒక్కటే అయితే 232 డిగ్రీలు, సీసం ఒక్కటే అయితే 327 డిగ్రీలు కావాలి. రెండూ కలిసి రెండింటికంటే ముందే కరగడం ఈ కొలతలోని విశేషం. సీసం హానిని గుర్తించి, అనేక దేశాలు ఎలక్ట్రానిక్ వస్తువులలో దాని వాడకాన్ని నియంత్రించాయి. తగరం, వెండి, రాగి కలిసిన టంకం చాలాచోట్ల దాని స్థానంలోకి వచ్చింది.

బంగారం: కలయికా, కల్తీయా?

బహుమతి వస్తువుల దుకాణాలలో జర్మన్ సిల్వర్ పళ్ళేలు వెండిలాగే మెరుస్తాయి. వాటిలో వెండి ఒక్క పాలు కూడా ఉండదు. రాగి, తుత్తునాగం, నికెల్ కలిసి ఆ రంగునిస్తాయి. జర్మన్ సిల్వర్ అని చెప్పి అమ్మితే అది మంచి సరుకు. వెండి అని చెప్పి అమ్మితే మోసం. వస్తువు ఒక్కటే. మాటలోనే తేడా ఉంది.

ఈ తేడా బంగారం విషయంలో సామాన్య కుటుంబాలను నేరుగా తాకుతుంది. స్వచ్ఛమైన బంగారాన్ని 24 క్యారట్లుగా లెక్కిస్తారు. నగలకు ఎక్కువగా వాడే 22 క్యారట్ల బంగారంలో 22 పాళ్ళు బంగారం, రెండు పాళ్ళు రాగి, వెండి వంటి లోహాలు ఉంటాయి. నూటికి 91.6 పాళ్ళు బంగారం కనుక దీనిని 916 అని కూడా అంటారు. రాగి ఎక్కువైతే నగ ఎరుపు తిరుగుతుంది. వెండి ఎక్కువైతే పాలిపోతుంది. ఈ కొద్దిపాటి కలయిక లేకపోతే గొలుసు కొక్కెం నిలవదు, రాళ్ళను పట్టే పట్టీ బిగువు తప్పుతుంది.

ఇప్పుడొక లెక్క చూద్దాం. ఒక తల్లి ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో 12 గ్రాముల గొలుసు కొన్నదనుకుందాం. అది 22 క్యారట్లదైతే అందులో 11 గ్రాముల బంగారం ఉంటుంది. 18 క్యారట్ల గొలుసునే 22 క్యారట్లదని అమ్మితే అందులో ఉండేది 9 గ్రాములే. తూకంలో తేడా లేదు. మెరుపులో తేడా కనిపించదు. రెండు గ్రాముల బంగారం మాత్రం ఆమె చేతికి రాకుండానే పోయింది. ఆపదలో నగను కుదువ పెట్టినప్పుడో అమ్మినప్పుడో ఆ లోటు బయటపడుతుంది.

పూర్వం కంసాలి గీటురాయిపై గీసి, ఆ గీత రంగును చూసి నాణ్యాన్ని నిర్ణయించేవాడు. నేడు దీనికి హాల్‌మార్క్ ముద్ర ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2000 సంవత్సరంలో బంగారు నగలకు ఈ పద్ధతిని ప్రారంభించింది. 2021 జూన్ నుండి దీనిని దశలవారీగా తప్పనిసరి చేశారు. నగపై సంస్థ గుర్తు, నాణ్యతను తెలిపే అంకె, ఆరు అక్షరాలూ అంకెలూ గల ప్రత్యేక సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యను సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ముద్రను చదవడం తెలిసిన కొనుగోలుదారుకు అది గీటురాయితో సమానం.

నగలను అతికే టంకంలోనూ ఒక పాఠం ఉంది. ఒకప్పుడు బంగారంలో క్యాడ్మియం కలిపిన టంకాన్ని విరివిగా వాడారు. ఆ నగలే కేడీఎం నగలుగా పేరు పొందాయి. కొనేవారికి బంగారం పాలు తగ్గకపోవడం వల్ల అది మేలుగా తోచింది. కాని కాల్చేటప్పుడు వెలువడే క్యాడ్మియం ఆవిరి స్వర్ణకారుని ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఎందుకు కలిసింది అన్న ప్రశ్నతోపాటు, ఎవరి ఆరోగ్యాన్ని పణంగా పెట్టి కలిసింది అని కూడా అడగవలసి ఉంటుందని ఈ అనుభవం నేర్పింది.

ముగింపు

హైదరాబాదులోని కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ పేరులోనే మిశ్రమలోహం ఉంది. మిధాని అన్న పొట్టిపేరుతో అది ప్రసిద్ధి. అక్కడ తయారయ్యే ప్రత్యేకమైన ఉక్కులు, టైటానియం మిశ్రమలోహాలు అంతరిక్ష, రక్షణ రంగాలకు ఉపకరిస్తున్నాయి. కోనసముద్రంలో ఆరిన కొలుములకూ ఈ కర్మాగారానికీ దూరం రెండు వందల కిలోమీటర్లకు మించదు. రెండింటిలోనూ అడిగిన ప్రశ్నలు అవే: ఏమి, ఎంత, ఎందుకు? ఒకచోట సమాధానం పనివారి చేతులలో ఉండి వారితోనే వెళ్ళిపోయింది. మరొకచోట అది కాగితం మీద, పరీక్షాఫలితాలలో నిలిచి తరువాతి తరానికి అందుతున్నది.

తగిన పదార్థం, తగిన కొలత, మంచి ఉద్దేశం కలిసినప్పుడు లోహానికి తనలో లేని బలం వస్తుంది. వీటిలో ఏది తప్పినా కలయిక కల్తీ అవుతుంది. పెరట్లో నల్లబడిన పాత ఇత్తడి బిందెను చింతపండుతో తోమినప్పుడు బయటపడే మెరుపు వెనుక, పేరు తెలియని ఒక కంచరి కలిపిన పాళ్ళు ఉన్నాయి. ఆ పాళ్ళను తెలుసుకోవడమే ఆ చేతికి చెల్లించే గౌరవం.

కఠిన పదాలకు అర్థాలు

మేలిమి = స్వచ్ఛమైన బంగారం
పాలు (బహువచనం: పాళ్ళు) = భాగం
అలోహం = లోహం కానిది
కర్బనం = బొగ్గులో ప్రధానంగా ఉండే మూలకం
మూస = లోహాన్ని కరిగించే మట్టిపాత్ర
నవాసారం = కళాయి వేయడానికి వాడే ఒక లవణం
చిలుము = రాగి, ఇత్తడి పాత్రలకు పట్టే ఆకుపచ్చని మలినం
కళాయి = పాత్రలకు వేసే తగరపు పూత
టంకం = లోహాలను అతికే మిశ్రమలోహం
కంచరి = కంచు, ఇత్తడి పని చేసేవాడు
గీటురాయి = బంగారం నాణ్యాన్ని పరీక్షించే రాయి

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కలయికకూ కల్తీకీ గల భేదాన్ని పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
2. కోనసముద్రం ఉక్కు ప్రాశస్త్యాన్నీ, అది అంతరించిన తీరునూ తెలపండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పరాయి పరమాణువులు లోహాన్ని ఎలా గట్టిపరుస్తాయి?
2. ఇత్తడి పాత్రలకు కళాయి ఎందుకు వేస్తారు? అందులో సీసం కలిస్తే కలిగే ప్రమాదం ఏమిటి?
3. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు ఎందుకు పట్టదు?
4. 24 గ్రాముల బరువు గల 22 క్యారట్ల నగలో బంగారం ఎంత ఉంటుంది? అదే 18 క్యారట్లదైతే ఎంత ఉంటుంది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గంట కంచులో తగరం పాలు ఎంత?
2. జర్మన్ సిల్వర్‌లో ఉండే లోహాలు ఏవి?
3. ఇస్త్రీపెట్టెలోని తీగకు ఏ మిశ్రమలోహాన్ని వాడతారు?
4. మిశ్ర ధాతు నిగమ్ ఏ సంవత్సరంలో ఏర్పడింది?

భాషాంశాలు

సంధులు
దీపారాధన = దీప + ఆరాధన – సవర్ణదీర్ఘ సంధి
వస్తువులన్నీ = వస్తువులు + అన్నీ – ఉత్వసంధి

సమాసాలు
మూడు ప్రశ్నలు – మూడు సంఖ్యగల ప్రశ్నలు – ద్విగు సమాసం
కంచుబొమ్మ – కంచుతో చేసిన బొమ్మ – తృతీయా తత్పురుష సమాసం

కృత్యం
మీ ఇంట్లోని పది లోహవస్తువులను పరిశీలించి, ఒక్కొక్కటి ఏ మిశ్రమలోహంతో చేసినదో, ఆ పనికి దానినే ఎందుకు ఎంచుకొన్నారో పట్టికగా వ్రాయండి. మీ ఊరిలో గాని, పొరుగూరిలో గాని కంచరి, కమ్మరి, కంసాలి పని చేసేవారు ఉంటే వారిని కలిసి, వారు వాడే పాళ్ళను, పనిముట్ల పేర్లను అడిగి వ్రాసి ఉంచండి.